అబెరిస్ట్‌విత్ రైల్వే స్టేషన్: దాని చరిత్ర, నేటి బండ్ల గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ వాసి):

మా అమ్మాయికి వేల్స్ పడమటి తీరంలోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో పి.జి. సీటు వచ్చింది. సెప్టెంబరులో హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా వెళ్లి బర్మింగ్‌హామ్‌లో దిగి, అక్కడి నుంచి రైలు ఎక్కాలన్నది ఆలోచన. పటంలో చూస్తే పట్టాలు ఆ ఊరితోనే ఆగిపోతున్నాయి. దారిలో చాలా భాగం ఒంటి లైనే. పైగా ష్రూస్‌బరీ అనే స్టేషనులో బండి వచ్చిన వైపే తిరిగి బయలుదేరుతుందని ఎవరో చెప్పగా విని, రెండు పెద్ద పెట్టెలతో ఒంటరిగా వెళ్లే పిల్ల తప్పు బండి ఎక్కానేమోనని కంగారుపడి దిగిపోతుందని మా ఇంట్లో దిగులు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి ఇంత చిన్న స్టేషను ఏమిటి, మొదటి నుంచీ ఇంతేనా అన్నది నా స్వంత కుతూహలం.

జవాబు 1 (మర్రిపాలెం, రైల్వేలో పని చేసి విరమించినవాడిని):

అయ్యా, విశాఖపట్నం వాళ్లం మనం ఈ విషయానికి బెంగపడడమా! హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి మన స్టేషనుకు వచ్చి, ఇంజను రెండో కొసకు మారి, వచ్చిన వైపే బయలుదేరడం మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాము. అది ఇష్టం లేని బండ్లు దువ్వాడలో ఆగి పక్కనుంచే పోతాయి. ష్రూస్‌బరీలో జరిగేదీ అదే. బర్మింగ్‌హామ్ లైను, అబెరిస్ట్‌విత్ లైను రెండూ ఆ స్టేషనుకు దక్షిణపు కొసనే కలుస్తాయి కనుక ఒకదాని నుంచి మరొకదానికి పోవాలంటే దిక్కు మార్చుకోక తప్పదు. అక్కడివి రెండు కొసలా డ్రైవరు గది ఉన్న డీజిల్ కార్లు కాబట్టి ఇంజను మార్చే పని కూడా ఉండదు, డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళితే సరిపోతుంది. అమ్మాయిని కూర్చున్న చోటనే కూర్చోమనండి.

దిగులు పడవలసిన చోటు వేరే ఉంది. మహన్‌లెత్ అనే స్టేషనులో కొన్ని బండ్లు రెండుగా విడిపోతాయి. కొన్ని పెట్టెలు అబెరిస్ట్‌విత్‌కు, తక్కినవి తీరం వెంట ఉత్తరాన పుల్‌హెలికి వెళతాయి. మన పాత లింకు ఎక్స్‌ప్రెస్‌ల పద్ధతే అనుకోండి. ఎక్కేటప్పుడే ఏ పెట్టెలు ఎక్కడికో అడిగి కూర్చోవాలి.

జవాబు 2 (సీతమ్మధార, అక్కడ చదువుకున్నదాన్ని):

మొదటి నుంచీ ఇంతే కాదండీ, ఒకప్పుడు ఆ స్టేషనులో ఐదు ప్లాట్‌ఫారాలు ఉండేవి. 1864లో తీరం వెంట బోర్త్ నుంచి రైలు వచ్చింది. దానికి ముందు మహన్‌లెత్ దాకా లైను తేవడానికి తలెర్దిగ్ దగ్గర కొండను సుమారు 120 అడుగుల లోతున తొలిచారు. ఆ పని చేయించిన కంట్రాక్టరు డేవిడ్ డేవిస్ తరువాతి కాలంలో బొగ్గు ఎగుమతి కోసం బారీ రేవును కట్టించినవాడే. 1867లో దక్షిణం నుంచి, అంటే కార్మార్థెన్ వైపు నుంచి, రెండో లైను వచ్చింది. దాని కంపెనీ పేరు మాంచెస్టర్ అండ్ మిల్‌ఫర్డ్ రైల్వే. అది మాంచెస్టర్‌కూ చేరలేదు, మిల్‌ఫర్డ్‌కూ చేరలేదు.

మీ ప్రశ్నలోనే ఒక తమాషా ఉంది. విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి ఇంత చిన్న స్టేషనా అని అడిగారు కదా, నిజానికి రైలు పుణ్యమా అనే అక్కడ విశ్వవిద్యాలయం వెలిసింది. థామస్ సావిన్ అనే రైల్వే కంట్రాక్టరు, రైలులో వచ్చే విహారయాత్రికులు బస చేస్తారని సముద్రపు ఒడ్డున ఒక భారీ హోటలు కట్టడం మొదలుపెట్టి, అది పూర్తి కాకముందే 1866లో దివాలా తీశాడు. ఆ కట్టడాన్ని 10,000 పౌండ్లకు కారుచౌకగా కొని, 1872లో 26 మంది విద్యార్థులతో కళాశాల తెరిచారు. ఇప్పటికీ దాన్ని పాత కళాశాల అనే పిలుస్తారు.

ఇప్పుడున్న స్టేషను భవనాన్ని 1920ల నడుమ గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారు తిరిగి కట్టించారు. 1964 డిసెంబరు వరదలకు కార్మార్థెన్ లైను దెబ్బతిన్నది. ఎలాగూ మూసివేత జాబితాలో ఉన్నది కనుక బాగు చేయలేదు, మరుసటి ఫిబ్రవరికి ప్రయాణికుల బండ్లు పూర్తిగా ఆగిపోయాయి. నేడు కార్మార్థెన్ వెళ్లాలంటే బస్సే దిక్కు. రైలే కావాలంటే ఇంగ్లండులోని ష్రూస్‌బరీ దాకా పోయి చుట్టి రావాలి. లండను పాడింగ్టన్ నుంచి నేరుగా వచ్చే కేంబ్రియన్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ కూడా 1967లో ఆగిపోయింది. ఖాళీ అయిన కార్మార్థెన్ ప్లాట్‌ఫారాల జాగాలోకి 1968లో రైడాల్ లోయ బుల్లి రైలును మార్చారు. 1902 నాటి ఆ రైలుకు పట్టాల మధ్య వెడల్పు రెండడుగులైనా నిండదు, డెవిల్స్ బ్రిడ్జ్ దాకా దాదాపు 19 కిలోమీటర్లు ఆవిరి ఇంజనుతో కొండెక్కుతుంది. అప్పటి ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ దేశమంతటా ఆవిరి ఇంజన్లను తీసేసిన తరువాత కూడా 1989లో అమ్మేదాకా ఈ ఒక్కచోట వాటిని నడిపింది. అరకు బండిలో కిటికీ సీటు కోసం పోటీపడేవాళ్లకు తప్పక నచ్చుతుంది. పెద్ద రైళ్లకు మిగిలింది మాత్రం ఒక్క ప్లాట్‌ఫారమే, స్టేషను భవనంలో చాలా భాగం ఇప్పుడు పబ్బు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. హోటలు సంగతి చెబితే మా అమ్మాయి నవ్వింది. ఒంటి లైను మీద ఎదురుబండ్లు వచ్చే ప్రమాదం లేదా అని మా ఆవిడ అడుగుతున్నారు.

జవాబు 3 (గోపాలపట్నం, సిగ్నల్ పని తెలిసినవాడిని):

ష్రూస్‌బరీ దాటిన తరువాత నడుమ నడుమ లూపులు, అంటే పక్కకు చీలి మళ్లీ కలిసే పట్టాలు, ఉన్న ఒంటి లైనే, ఒక లూపులో ఒక బండి ఆగితే రెండోది దాటిపోతుంది. బ్రిటన్‌లో మొట్టమొదట పట్టాల పక్క సిగ్నల్ స్తంభాలు తీసేసి, అనుమతిని రేడియో ద్వారా డ్రైవరు ముందున్న తెర మీదకే పంపే ఐరోపా పద్ధతిని 2011 నాటికి ఈ లైను మీదనే అమలు చేశారు. దాని నియంత్రణ కేంద్రం మహన్‌లెత్‌లో ఉంది. రైళ్లు ఢీకొనకుండా మన రైల్వే పెట్టిన కవచ్ కూడా ఈ కోవలోదే.

దాచడం ఎందుకు, 2024 అక్టోబరు 21న అదే తలెర్దిగ్ దగ్గర లూపులో ఆగవలసిన బండి చక్రాలు జారి ముందుకు పోయి ఎదురుబండిని ఢీకొనగా ఒక ప్రయాణికుడు చనిపోయారు. శరదృతువులో రాలిన ఆకులు నలిగి పట్టాలు జిడ్డుబారడం అక్కడ ఏటా ఉండే సమస్య. ఏ సిగ్నలయినా ఆగమని చెప్పగలదు కాని పట్టాలకు పట్టు ఇవ్వలేదు. అయినా అక్కడ రైలు ప్రయాణం సాధారణంగా రోడ్డు కంటె ఎంతో క్షేమమని మీ ఆవిడగారికి చెప్పండి.

జవాబు 2 రాసినవారు మళ్లీ:

టిక్కెట్టు విషయం ఒకటి మరిచాను. బర్మింగ్‌హామ్ విమానాశ్రయం నుంచి ఉచిత షటిల్ ఎక్కితే బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషనుకు చేరుస్తుంది, అబెరిస్ట్‌విత్ బండి అక్కడి నుంచే నేరుగా ఉంటుంది. సుమారు మూడు గంటల పైచిలుకు ప్రయాణం. బండ్లు దాదాపు రెండు గంటలకొకటి, ఆదివారం ఇంకా తక్కువ. ముందే కొనే చౌక అడ్వాన్స్ టిక్కెట్టు ఆ ఒక్క బండికే చెల్లుతుంది, విమానం ఆలస్యమైతే వృథా. మొదటిసారికి కాస్త ఖరీదైనా ఏ బండికైనా చెల్లే టిక్కెట్టే కొనండి. పదహారు నుంచి పాతికేళ్ల వారి రైల్‌కార్డు తీసుకుంటే మూడోవంతు తగ్గుతుంది. పాతిక దాటినా పూర్తికాల విద్యార్థికి అది ఇస్తారు.