రక్షణ బడ్జెట్ పెరిగినా మా షెడ్డుకు షిప్‌యార్డు పని ఆగింది: ముందే అంచనా వేయడమెలా?

నెల్లూరు ఆటోనగర్‌లోని మా ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ఒక ప్రభుత్వ రంగ షిప్‌యార్డుకు సరుకిచ్చే కాంట్రాక్టరు కింద పైపు క్లాంపులు, కేబుల్ ట్రేలు చేసి ఇస్తుంది. 2025-26 రక్షణ కేటాయింపు 6.21 లక్షల కోట్ల నుంచి 6.81 లక్షల కోట్లకు పెరిగిందని విని, పని పెరుగుతుందనే ధీమాతో 12 టన్నుల ఉక్కు ప్లేటు ముందే కొన్నాను. ఏప్రిల్ నుంచి ఒక్క ఆర్డరూ రాలేదు. నవంబరు వానలకు ప్లేట్ల అంచులు తుప్పు పట్టి, వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతోంది.

తర్వాత బడ్జెట్ పత్రాలు తిరగేస్తే నా పొరపాటు కొంత అర్థమైంది: మొత్తంలో జీతాలు, పెన్షన్ల వంటి ఖర్చులు పోగా, కొత్త ఓడలు, విమానాలు, ఆయుధాలు కొనే మూలధన పద్దు 1.72 లక్షల కోట్ల నుంచి 1.80 లక్షల కోట్లకే పెరిగింది. అందులోనూ గతంలో కుదిరిన ఒప్పందాల వాయిదాలు ఉంటాయి. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లో మూడు నెలలు వెతికినా మాలాంటి ఉపకాంట్రాక్టు పనుల జాడ కనబడలేదు. యార్డు కొనుగోలు విభాగానికి రెండుసార్లు ఈమెయిల్ పంపినా జవాబు లేదు. కాంట్రాక్టరు మాత్రం "వచ్చే నెల" అంటూనే ఉన్నారు.

మా సరుకు అవసరం పడేది ఓడ నిర్మాణంలో తొలి దశ అయిన ఉక్కు కోత మొదలైనప్పుడు కాదు, ఓడ బ్లాకులు (ఓడ ఒంటి భాగాలు) లేచి, లోపల పైపులు, కేబుళ్ల వంటి అమరికలు మొదలయ్యాకే. ఇలాంటి పని చేసిన అనుభవజ్ఞులను అడిగేది ఒక్కటే: ఒక నౌకకు ఉక్కు కోత మొదలైన ఎన్ని నెలలకు అమరికల ఆర్డర్లు చిన్న షెడ్లకు చేరడం మీరు చూశారు?