చర్చ: వరదలో శానిటేషన్ సిబ్బందిని ఏ పనికి పెట్టాలి?

పాయకాపురం వాసి:
2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు మా ఇళ్లను ముంచిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మళ్లీ అలాంటిది వస్తే ఎలా అని మా కాలనీ సంఘం ఒక వినతిపత్రం రాస్తోంది. అందులో ఒక్క అంశం దగ్గర ఆగిపోయాం. వరద సమయంలో వార్డు శానిటేషన్ కార్యదర్శులను, ఇన్‌స్పెక్టర్లను ఆహార పొట్లాల పంపిణీకి, నష్టం లెక్కింపుకు కూడా పంపాలని సగం మంది అంటున్నారు. నీళ్లు, చెత్త, దోమలు తప్ప మరే పనీ వారికి చెప్పకూడదని మిగతా సగం. మీ అభిప్రాయం చెప్పండి.

చిట్టినగర్ పాఠకుడు:
మొదటి అంతస్తు దాకా నీళ్లు వచ్చి, పసిపిల్లలకు పాలు కూడా లేకుండా డాబాల మీద కూర్చున్న జనం ఉన్నప్పుడు 'ఇది నా శాఖ పని కాదు' అనే మాట నాకు మింగుడుపడదు. ఏ వీధిలో ఎవరున్నారో వార్డు సిబ్బందికే తెలుసు. పొట్లం ఏ ఇంటికి అందలేదో వారే చెప్పగలరు. ముందు ఆకలి తీరాలి, నీటి పరీక్షలు తర్వాత.

విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్, గుంటూరు:
చిట్టినగర్ వారికి నమస్కారం. మీ ఆవేదన న్యాయమైనదే, మీ నిర్ణయంతో మాత్రం ఏకీభవించలేను. పొట్లం పంచడానికి చదువుకున్న కుర్రవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు, పోలీసులు అందరూ పనికివస్తారు. ట్యాంకరు నీటిలో క్రిములను చంపే క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడడం మాత్రం అందరి చేతిలో పని కాదు.

ఆ పరీక్ష నిజానికి చిన్నదే. గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. మామూలు రోజుల్లో కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. జబ్బులు ప్రబలే ప్రమాదం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. రంగు తేలకపోతే ఏం చేయాలన్నదే అసలు విద్య. పైపు ఎక్కడ పగిలింది, మురుగు ఏ మలుపులో కలుస్తోంది, ఏ వీధికి సరఫరా ఆపాలి అన్నది కొన్ని గంటల్లో తేల్చాలి. 2018 మార్చిలో మా గుంటూరులో వరద లేదు, తుపాను లేదు. తాగునీటిలో మురుగు కలిసి ఆనందపేట ప్రాంతంలో అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. మామూలు రోజుల్లోనే అలా జరిగితే, పైపులన్నీ వారం పాటు మురుగు నీటిలో మునిగినప్పుడు ఎంత జాగ్రత్త కావాలి?

ఇంకొక మాట. వరద తగ్గగానే రోడ్ల పక్కన తెల్లగా గీతలు గీసినట్టు బ్లీచింగ్ చల్లిస్తారు. నన్నడిగితే అందులో చాలా భాగం వృథా. బురదలోని మురికి క్లోరిన్‌ను మింగేస్తుంది, క్రిములు అలాగే ఉంటాయి. ముందు బురద ఎత్తాలి, కడగాలి. పొడి మిగలాల్సింది సంపులకు, ట్యాంకులకు. తేటనీరు వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ సుమారు 2.5 గ్రాములు చాలు, అరగంటకు తక్కువ కాకుండా ఆగి వాడుకోవాలి. మూత తీసి తేమలో వదిలేసిన బస్తాలో సత్తువ ఉండదని కూడా గుర్తుంచుకోండి.

సింగ్‌నగర్ గృహిణి:
అయ్యా, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ చచ్చిన పశువుల వాసన మధ్య ఇంటికి తిరిగి వచ్చినప్పుడు, వీధి మొదట్లో ఆ తెల్లటి పొడి కనిపిస్తే మా కోసం ఎవరో వచ్చారన్న ధైర్యం కలిగింది. దాన్ని తీసిపారేయకండి. నీళ్లు పరీక్షించారో లేదో మాకెలా తెలుస్తుంది? ఎవరూ చెప్పరు కదా.

విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్, గుంటూరు:
అమ్మా, మంచి ప్రశ్న వేశారు. ఆ రోజు పరీక్షలో వచ్చిన క్లోరిన్ అంకెను తేదీతో సహా వీధి మొదట్లో బోర్డు మీద రాసిపెట్టాలి. వినతిపత్రంలో ఇది తప్పక చేర్చండి.

పారిశుద్ధ్య కార్మికుడి కుమార్తె:
ఇంతసేపూ ఇన్‌స్పెక్టర్ల గురించే మాట్లాడారు. బురద ఎత్తేది మా నాన్నలాంటివాళ్లు. 2024లో వేరే పట్టణాల నుంచి కూడా కార్మికులను విజయవాడకు తీసుకువచ్చారు. అలా వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ స్నానం చేయాలి? ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పగుళ్లున్న పాదాలతో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. జ్వరం, పిక్కల నొప్పులు మొదలయ్యేసరికి వాళ్లు సొంత ఊరు చేరిపోయి ఉంటారు, అక్కడి వైద్యుడికి వరద సంగతే తెలియదు. మోకాలి దాకా బూట్లు, ధనుర్వాతం సూది, వైద్యుడు నిర్ణయిస్తే డాక్సీసైక్లిన్ మాత్రలు, ఇంటికి వెళ్లాక వైద్య పరీక్ష. ఇవి లేకుండా ఎవరినీ నీటిలోకి దించకూడదని రాయండి. సన్మానాలు, శాలువాలు తర్వాత సంగతి.

చిట్టినగర్ పాఠకుడు:
అమ్మాయి చెప్పిన ప్రతి మాటకూ నా మద్దతు ఉంది. నష్టం లెక్కింపు నుంచి శానిటేషన్ సిబ్బందిని తప్పించడానికీ ఒప్పుకుంటాను. గుడ్డు ఎగిరే దోమగా మారడానికి వారం, పది రోజులే పడుతుంది, లెక్కలు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. మొదటి రెండు రోజులు మాత్రం పొట్లాలకు వారు రావాలనే అంటాను.

విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్, గుంటూరు:
ఆ రెండు రోజుల్లోనే కదండీ జనం దొరికిన నీళ్లు తాగేది! ఎక్కడ పడితే అక్కడ నింపుకొని ట్యాంకర్లు వచ్చేది అప్పుడే. శిబిరాల్లో మరుగుదొడ్లు చాలనిదీ అప్పుడే. అక్కడ మాత్రం నేను రాజీపడను.

పాయకాపురం వాసి:
బోర్డు మీద అంకె, కార్మికుల రక్షణ, లెక్కింపు నుంచి మినహాయింపు, ఈ మూడూ చేర్చాను. మొదటి రెండు రోజుల సంగతి ఆదివారం సంఘం సమావేశంలో ఓటుకు పెడతాం. ఇద్దరి వాదనలూ అక్కడ చదివి వినిపిస్తాను.