బృంద రైడ్ మధ్యలో వ్యాయామ సైకిల్ బ్లూటూత్ తెగిపోతోంది: లోపం బోర్డుదా, యాప్‌దా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఇంట్లోని వ్యాయామ సైకిల్‌ను బ్లూటూత్‌తో టాబ్లెట్‌కు కలిపి, సాయంత్రం 7 గంటల ఆన్‌లైన్ బృంద రైడ్‌లో తొక్కుతాను. మొదటి 20 నిమిషాలు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత తెరపై వాట్లు (తొక్కే శక్తి), పెడల్ వేగం ఒక్కసారిగా సున్నాకు పడిపోతాయి. 10, 15 సెకన్లకు మళ్లీ వస్తాయి గానీ అప్పటికే బృందం వెళ్లిపోయి ఉంటుంది. ముందువారి వెనకే ఉంటే గాలి నిరోధం తగ్గినట్టు ఈ యాప్ లెక్కకడుతుంది కాబట్టి, ఒకసారి వెనకబడ్డాక ఒంటరిగా వారిని అందుకోవడం చాలా కష్టం. నలుగురితో కలిసి తొక్కడం కోసమే ఈ సైకిల్ కొన్నాను. ఆ తోడు లేకపోతే నాకు పావుగంట కూడా కాలు ఆడదు.

వైఫైని 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను, ఎందుకంటే బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది, రెండూ ఒకదానికొకటి అడ్డుతగలొచ్చు. ఫోనులో బ్లూటూత్ ఆపేశాను. జత తీసేసి మళ్లీ కలిపాను. సైకిల్ ఫర్మ్‌వేర్ (సైకిల్ లోపలి సాఫ్ట్‌వేర్), యాప్ రెండూ అప్‌డేట్ చేశాను. టాబ్లెట్‌లో బ్యాటరీ పొదుపు కూడా తీసేశాను. ఫలితం లేదు.

గమనించిన ముఖ్య విషయం: తెరపై సున్నా ఉన్నప్పుడు కూడా సైకిల్ సొంత మీటరు 85 ఆర్‌పీఎం (నిమిషానికి పెడల్ చుట్లు) చూపిస్తూనే ఉంది. అదే టాబ్లెట్‌కు బ్లూటూత్‌తోనే కలిపిన ఛాతీ పట్టీ నుంచి గుండె వేగం ఎప్పుడూ ఆగలేదు.

సర్వీసు కేంద్రం వారు సైకిల్‌ను చూడకుండానే దానిలోని బ్లూటూత్ సర్క్యూట్ బోర్డు మార్చాలంటున్నారు. వారంటీ అయిపోయింది. సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పుపట్టాయేమోనని నాకూ అనుమానంగానే ఉంది. డబ్బు పెట్టే ముందు, లోపం సైకిల్ బ్లూటూత్ బోర్డుదో యాప్‌దో ఇంట్లోనే కచ్చితంగా తేల్చే పరీక్ష ఏమిటి?