హెల్లెబోర్ ఈ చలికాలం ఒక్క మొగ్గ కూడా వేయలేదు, కుండీలోంచి నేలలోకి మార్చాలా?

ప్రశ్న – కొత్తతోట

రెండేళ్ల కిందట చలికాలంలో, నిండా పూలతో ఉన్న తెల్ల హెల్లెబోర్ తెచ్చుకున్నాను. హెల్లెబోరస్ నైజర్, క్రిస్మస్ రోజ్ అంటారే, అది. చుట్టూ తోటంతా మోడుబారి ఉంటే అదొక్కటే అలా పూసి ఉండటం చూసి ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. పూలు అయిపోయాక కొంచెం పెద్ద కుండీలోకి మార్చాను, మొక్క అటూ ఇటూ ఊగుతోందని ఇంకాస్త మట్టి పోసి గట్టిగా నొక్కాను. ఆకులు బాగానే వచ్చాయి, ముదురు ఆకుపచ్చగా, మందంగా తోలులా ఉన్నాయి. కానీ పోయిన చలికాలం రెండే పూలు. ఈసారి ఇప్పటిదాకా మొగ్గ జాడే లేదు.

ఇంకో కుండీలో లెంటెన్ రోజ్ అనే హెల్లెబోర్ రకం ఉంది, ఊదా రంగుది. దానికి మొగ్గలు వచ్చాయి గానీ పాత ఆకుల మీద నల్లటి గుండ్రటి మచ్చలు. పైగా మొన్న రాత్రి గడ్డకట్టే చలి పడితే, పొద్దున్నకి కాడలన్నీ వేణ్నీళ్లు పోసినట్టు వాలిపోయి మట్టికి ఆనుకున్నాయి. నాకు ఒకటే టెన్షన్, కుండీ ఎత్తి ఇంట్లోకి తెచ్చేశాను. కాసేపటికి వాటంతటవే లేచాయి.

తెల్లదాన్ని నేలలో పెట్టేయాలా, ఈ మచ్చల ఆకులు ఇప్పుడు కోయొచ్చా, చలి పడ్డప్పుడల్లా కుండీని లోపలికి తేవాలా? రెండు మొక్కల్లో ఏదీ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

జవాబు – మట్టిచేతులు

"ఇంకాస్త మట్టి పోసి గట్టిగా నొక్కాను" అన్నారు చూశారా, నా అనుమానం అక్కడే. హెల్లెబోర్‌కి ఆకుకాడలూ మొగ్గలూ పుట్టుకొచ్చే మొదలు ఒకటి ఉంటుంది, అది మట్టి పైపొరకి సమానంగా ఉండాలి. రెండు వేళ్ల మందం మట్టి దాని మీద పడినా చాలు, ఆకులు వేస్తూనే ఉంటుంది, పూలు మాత్రం రావు, తడి కూడా తోడైతే అక్కడే కుళ్లడం మొదలవుతుంది. ముందు వేలితో మెల్లగా మట్టి తవ్వి మొదలు ఎక్కడుందో చూడండి.

రెండోది, వేసవిలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఈ మొక్క పూసేది చలికాలంలో అయినా ఆ పూమొగ్గకి లోపల రూపం పడేది అంతకు ముందు వేసవిలో. అప్పుడు చూడటానికి అందులో ఏమీ ఉండదు, ఉత్త ఆకుల గుబురు, అందుకని మనం నీళ్ల విషయంలో దాన్ని వదిలేస్తాం, మిగతా పూలమొక్కల మీద పడతాం. కుండీ నాలుగైదుసార్లు పూర్తిగా ఎండిందంటే వచ్చే చలికాలం పూలకి గండి పడ్డట్టే. ఇది మాత్రం గట్టిగా చెప్తాను, కుండీలో హెల్లెబోర్ పెంచేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది చలివల్ల కాదు, ఆ ఎండాకాలపు రోజులవల్లే. నీడలోకి జరిపి, వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా ఉంటే నీళ్లు పోయాలి.

కుండీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం, వేళ్లు నిలువునా దిగుతాయి కాబట్టి 30 సెంటీమీటర్లయినా ఉండాలి. ఉత్త కొబ్బరిపొట్టు లాంటి తేలిక మిశ్రమంలో పెడితే చలికాలమంతా చెమ్మ పట్టి ఉంటుంది. బరువైన తోటమట్టి, బాగా మాగిన ఆకుల ఎరువు, ముతక ఇసుకో పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు) కలపండి. కుండీ అడుగున నీళ్లు నిలవకుండా ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి. నైజర్ ఆల్ప్స్ కొండల మొక్క, కాస్త సున్నపు గుణం ఉన్న నేల దానికి బాగా పడుతుంది. ఎరువు ఏడాదికి రెండు విడతలు చాలు, పూలు ముగిసే వేళ ఒకసారి, ఎండలు తగ్గాక ఒకసారి. నత్రజని ఎక్కువైతే మెత్తటి ఆకులు వచ్చి తెగుళ్లు పట్టుకుంటాయి, టమాటా మొక్కలకి వేసే పొటాష్ ఎక్కువున్న ఎరువు మేలు.

ఒక్క మాట, మట్టి తీసినప్పుడు నల్లటి వేళ్లు చూసి కంగారు పడకండి. నైజర్ అంటే లాటిన్‌లో నలుపు, పువ్వు తెల్లగా ఉన్నా పేరు వేళ్లని బట్టి వచ్చింది. నొక్కితే గట్టిగా ఉంటే అది ఆరోగ్యమే. మెత్తగా నలిగి వాసన వస్తేనే కుళ్లు.

జవాబు – పొగమంచు

మచ్చల సంగతి నేను చెప్తాను, నా మొక్కలకి మూడేళ్లు వచ్చింది ఇది. గుండ్రంగా, నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి వలయాల మీద వలయాల్లా కనిపిస్తే అది శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు. తడిగా, గాలి ఆడకుండా ఉంటే పెరుగుతుంది. లెంటెన్ రోజ్ రకాలకి పూకాడలు లేచే ముందు పాత ఆకులన్నీ మొదలు దాకా కోసేయొచ్చు, ఏమీ కాదు, పూలతోబాటే కొత్త ఆకులు వచ్చేస్తాయి. అలా కోస్తే తెగులు పాత ఆకు నుంచి మొగ్గకి పాకదు, పూలూ చక్కగా కనిపిస్తాయి. మీకు మొగ్గలు ఇప్పటికే వచ్చాయి కాబట్టి ఒక్కొక్క కాడనీ వేళ్లతో విడదీసి చూసుకుని కోయండి, తొందరలో మొగ్గ కాడ తెగితే ఏడాది ఆగాలి. కోసినవి కంపోస్టులో వేయొద్దు. నైజర్‌కి మాత్రం అన్నీ కోయకండి, మచ్చలున్నవి చాలు. ఫీటిడస్, కోర్సికన్ అనే హెల్లెబోర్ రకాలు ఉన్నవాళ్లు అసలు ఈ పని చేయకూడదు, వాటికి పోయినేడు పెరిగిన కాడ చివరే పూలు వస్తాయి, పూత అయ్యాకే ఆ కాడ తీయాలి.

తొడుగులు వేసుకుని కోయండి. మొక్క మొత్తం విషమే, రసం తగిలితే చర్మం మండుతుంది, పిల్లలూ కుక్కలూ నమలకుండా చూసుకోవాలి.

గడ్డకట్టే చలికి కాడలు వాలడం ఆ మొక్క తనని తాను కాపాడుకోవడం. కణాల్లో నీళ్లు గడ్డకట్టి అవి పగిలిపోకుండా నీటిని బయటికి వదిలేస్తుంది, బిగువు తగ్గి కాడ సోలిపోతుంది, వెచ్చబడగానే నీళ్లు లాక్కుని మళ్లీ లేస్తుంది. ఇంట్లోకి తేవడమే దానికి ఎక్కువ కష్టం. వెచ్చదనానికి మెత్తబడి, తిరిగి బయట పెట్టినప్పుడు దెబ్బ తింటుంది. చలి మరీ ఎక్కువున్న రోజుల్లో కుండీ చుట్టూ గోనెపట్టా చుట్టి గోడవారకి జరపండి, కుండీలో వేళ్లకి నేలలో ఉన్నంత రక్షణ ఉండదు కాబట్టి కాపాడాల్సింది వాటినే.

జవాబు – నేలతల్లి

వీలుంటే నేలలో పెట్టండి అనే నేను అంటాను. కుండీలో మూడు నాలుగేళ్లు బాగుంటుంది, నేలలో అయితే ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి ఏటా కుదురు పెద్దదవుతుంది. ఆకు రాల్చే చెట్టు కింద కాస్త వాలుగా ఉన్న చోటు ఎంచుకోండి, చలికాలంలో ఎండ తగులుతుంది, వేసవిలో నీడ దొరుకుతుంది, వాన నీళ్లు నిలవవు. కానీ ఒకసారి పెట్టాక మాటిమాటికీ కదపొద్దు, ముఖ్యంగా నైజర్‌ని, కోలుకోవడానికి ఏడాది పైనే తీసుకుంటుంది.

లెంటెన్ రోజ్ కింద చిన్న మొలకలు వస్తే పీకేయకండి. గింజకి అంటుకుని ఉండే కొవ్వు ముద్ద కోసం చీమలు వాటిని మోసుకుపోతాయి, అందుకే ఊహించని చోట కూడా మొలుస్తాయి. పువ్వు చూడాలంటే రెండు మూడేళ్లు పడుతుంది, తల్లి రంగే వస్తుందని లేదు. నా దగ్గర ఊదా మొక్క కింద మొలిచిన పిల్ల లేత పసుపు పూసింది, లోపల ఎర్రటి చుక్కలతో. దాని కోసం నేను మూడు చలికాలాలు ఎదురుచూశాను.

జవాబు – కొత్తతోట

ఇవాళ పొద్దున్నే తవ్వి చూశాను. సరిగ్గా రెండు వేళ్ల మందం మట్టి మొదలు మీద పేరుకుని ఉంది. పైపైన ఉన్న కాడల అడుగులు పసుపుబారి జారుతున్నాయి, వాటి మధ్యలో బియ్యపుగింజంత తెల్లటి మొనలు మూడు కనిపించాయి. అవి మొగ్గలా ఆకులా తెలియడం లేదు. వేళ్లు నల్లగానే ఉన్నాయి, నొక్కితే గట్టిగా ఉన్నాయి, ఆ సంగతి ముందే చదివి ఉండకపోతే కుళ్లిపోయాయనుకుని పారేసేదాన్ని. పై మట్టి తీసేశాను. వేసవిలో రెండు వారాలు నేను ఊళ్లో లేనప్పుడు కుండీ ఎండిపోయిన మాట కూడా నిజమే.

ఇప్పుడే నేలలోకి మార్చేయనా?

జవాబు – మట్టిచేతులు

ఇప్పుడొద్దు. ఆ మొనల్లో లావుగా, కొన గుండ్రంగా ఉన్నది మొగ్గ, సన్నగా మొనదేలి ఉన్నది ఆకు అయ్యే అవకాశం ఎక్కువ, రెండు మూడు వారాల్లో తేలుతుంది. మళ్లీ ఎండలు తగ్గి నేల ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లో మార్చండి, అంతవరకూ జారుతున్న కాడలు తీసేసి, నీళ్లు మొదలు మీద కాకుండా కుండీ అంచున పోయండి. మొగ్గలు బయటపడ్డాక రాత్రిపూట నత్తల కోసం ఒకసారి చూడండి, అవి మొగ్గనే ముందు తింటాయి.

లెంటెన్ రోజ్‌కి రాబోయే కొత్త ఆకుల మీద కన్నేసి ఉంచండి. గుండ్రటి మచ్చలయితే భయం లేదు, కానీ ఆకు ఈనెల వెంబడి నల్లటి చారలు పాకి, ఆకు మెలితిరిగి, మొక్క గిడసబారితే అది వైరస్, బ్లాక్ డెత్ అంటారు. దానికి మందు లేదు, పేనుబంక అనే రసం పీల్చే పురుగు దాన్ని పక్క మొక్కలకి అంటిస్తుంది కాబట్టి మొక్కని వేళ్లతో సహా తీసి నాశనం చేయాల్సిందే. మీరు చెప్పినవి అలా అనిపించడం లేదు. అయినా ఆకులు విప్పుకోగానే అడుగువైపు తిప్పి ఒకసారి చూసి ఇక్కడ రాయండి.