అర్జెంటీనా వెళ్లే అమెరికా పాస్‌పోర్టు వాళ్లు 160 డాలర్లు ఇంకా కట్టాలా?

పంటకాలువ (డల్లాస్):

అందరికీ నమస్కారం అండి. డిసెంబరు సెలవుల్లో అర్జెంటీనా వెళ్దామనుకుంటున్నాం. నాకూ మా ఆవిడకీ అమెరికా పాస్‌పోర్టులు. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. వాళ్లవి ఇండియా పాస్‌పోర్టులు, అమెరికా విజిటర్ వీసా ఉంది. ఒక వెబ్‌సైట్‌లో చూస్తే, అమెరికన్లు మనిషికి 160 డాలర్ల రెసిప్రాసిటీ ఫీజు (చెల్లుకు చెల్లు రుసుం) ముందే ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ప్రింటు తీసుకెళ్లాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు అని రాశారు. కిందనే 'మేం కట్టిపెడతాం, సర్వీస్ చార్జీ అదనం' అని ఓ బటన్. అప్పటి నుంచి మా ఆవిడకి ఒకటే టెన్షన్.

ఇంకో సంగతి. మా ఆఫీసులో ఒకాయన అదే టైముకి అర్జెంటీనాలోనే కార్డోబాకి గువ్వల వేటకి వెళ్తున్నాడు. తుపాకులు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్తాట్ట. వేటగాళ్లకి వేరే ఫీజు ఉందేమో కనుక్కోమని నా ప్రాణం తీస్తున్నాడు. కోడిని కోస్తుంటే చూళ్లేని మనిషిని, నాకేం తెలుస్తుంది చెప్పండి!

రేపల్లె ప్యాసింజర్ (హ్యూస్టన్):

ముందు ఆ బటన్ జోలికి పోకండి. అమెరికా పాస్‌పోర్టుకి ఆ ఫీజు 2016 మార్చిలోనే ఎత్తేశారు. అక్కడ కొత్తగా వచ్చిన అధ్యక్షుడు మాక్రి ప్రభుత్వానికి టూరిస్టులు కావాలి, అదే నెలలో ఒబామా బ్యూనస్ ఎయిర్స్ వస్తున్నాడు. రెండూ కలిసొచ్చాయి. ఆస్ట్రేలియా వాళ్లకి 2017లో, కెనడా వాళ్లకి 2018 జనవరి నుంచి తీసేశారు. పాత పేజీలు మాత్రం నెట్‌లో అలాగే పడి ఉన్నాయి, వాటి మీద బతికేవాళ్లూ ఉన్నారు.

ఆ ఫీజు మొదలైంది 2009 డిసెంబరులో, బ్యూనస్ ఎయిర్స్ పెద్ద ఎయిర్‌పోర్టులో. 'మా వాళ్లు మీ వీసాకి ఎంత కడుతున్నారో మీరూ అంత కట్టండి, చెల్లుకు చెల్లు' అన్నారు అర్జెంటీనా వాళ్లు. అమెరికా తన వీసా ఫీజు 131 నుంచి 140కి, తర్వాత 160కి పెంచితే వాళ్లూ వెనకే పెంచారు. 2013 నుంచి ముందే ఆన్‌లైన్‌లో కట్టాలన్నారు. నేను వెళ్లింది ఆ రోజుల్లోనే. కౌంటర్‌లో ఉన్నావిడ నా మొహం కంటే ముందు ప్రింటు మీది బార్‌కోడ్ చూసింది. నా వెనక మా బావమరిది, వాడిది కెనడా పాస్‌పోర్టు, వాడికి వంద లోపే పడింది. ఇద్దరం పుట్టింది రేపల్లె గవర్నమెంటు ఆసుపత్రిలోనే! వాడు ఆ ముక్క ట్రిప్పంతా నాకు గుర్తు చేస్తూనే ఉన్నాడు.

నాకైతే ఆ ఫీజు అన్యాయం అనిపించలేదు. అర్జెంటీనా వాడు అమెరికా రావాలంటే డబ్బు కట్టి, అపాయింట్‌మెంటు కోసం పడిగాపులు పడి, వేలిముద్రలిచ్చి, ఇంటర్వ్యూలో కాదంటే డబ్బూ పోగొట్టుకుని ఇంటికి పోవాలి. ఆ బాధ మన ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. మనం మాత్రం కార్డు గీకి లోపలికి వెళ్లిపోయాం, పైగా అది పదేళ్లు చెల్లేది. చిలీ కూడా ఇలాగే వసూలు చేసేది. కాకపోతే శాంటియాగో ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ల దగ్గరే, బస్సులో బోర్డర్ దాటినవాళ్లని అడిగేవాళ్లు కాదు. 2014లో అమెరికా చిలీ వాళ్లని వీసా లేకుండా రానిచ్చింది, చిలీ కూడా ఫీజు తీసేసింది.

నాటు తుపాకి (శాన్ ఆంటోనియో):

వేట సంగతి నేను చెప్తా, ఏటా జింకల సీజన్‌కి వెళ్తుంటాను. వేటగాడని దేశంలో అడుగుపెట్టడానికి వేరే ఫీజేం లేదు. ఖర్చంతా లోపలికి వెళ్లాకే. కార్డోబా రాష్ట్రం వేట లైసెన్సు కావాలి, అది లాడ్జి వాళ్లే చూసుకుంటారు. సొంత తుపాకీ తీసుకెళ్తే తాత్కాలిక పర్మిట్, తుపాకీకి ఇంత అని రుసుం. ఇక్కడ బయల్దేరేముందు కస్టమ్స్ ఆఫీసుకి తుపాకీ తీసుకెళ్లి చూపించి 4457 ఫారం మీద స్టాంపు వేయించుకోవాలి, అది మీదేనని తిరిగొచ్చేటప్పుడు రుజువు అదే. అసలు జేబు ఖాళీ చేసేవి తూటాలు. అక్కడ గువ్వలు జొన్న చేల మీద పడి తినేస్తాయి, అందుకే వాటిని చీడ కింద లెక్కేస్తారు. ఇన్నే కొట్టాలని పరిమితి లేదు. పాతిక తూటాల డబ్బాలు ఎన్ని ఖాళీ అయితే అంత బిల్లు. మీ ఆఫీసాయన్ని తుపాకీ అక్కడే అద్దెకి తీసుకోమనండి, సగం తలనొప్పి తప్పుతుంది.

ఇంకో మాట. ఇక్కడ టెక్సాస్‌లో వేట లైసెన్సు స్థానికుడికి 25 డాలర్లు, బయటి రాష్ట్రం వాడికి 315. ఆరు నెలలుగా ఇక్కడే కాపురం ఉంటే హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉన్న మన కుర్రాడికీ 25కే ఇస్తారు. ఓక్లహోమాలో పుట్టి పెరిగిన అమెరికన్ మాత్రం 315 కట్టాల్సిందే. వీళ్లు చూసేది అడ్రసు, బోర్డర్‌లో చూసేది పాస్‌పోర్టు.

పంటకాలువ:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. మరి అమ్మా నాన్నల సంగతి? ఇగ్వాసు జలపాతం బ్రెజిల్ వైపు నుంచి కూడా చూపిద్దామని ఉంది.

రేపల్లె ప్యాసింజర్:

అమెరికా విజిటర్ వీసా గడువులో ఉన్న ఇండియన్లని 2025 ఆగస్టు నుంచి అర్జెంటీనా వేరే వీసా లేకుండానే రానిస్తోంది. స్టాంపు పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పెట్టుకోండి. బయల్దేరేముందు ఎయిర్‌లైన్స్ వాళ్లకి ఓసారి ఫోన్ చేయండి, చెకిన్ దగ్గర ఆపేది వాళ్లే.

బ్రెజిల్ దగ్గరే మెలిక. మీ ఇద్దరికీ 2025 ఏప్రిల్ 10 నుంచి ఈ-వీసా కావాలి, మనిషికి 80.90 డాలర్లు. అదీ చెల్లుకు చెల్లు బాపతే. 2019లో అమెరికన్లకి వీసా తీసేశారు, బ్రెజిల్ వాళ్లకి అమెరికా తిరిగి ఆ మర్యాద చేయలేదని మళ్లీ పెట్టారు. అమ్మానాన్నలకీ వీసా కావాలి. ఒక్క పూట కోసం అంత అవసరమా?

దెయ్యం గొంతు అని పిలిచే పెద్ద పాయ దాకా వెళ్లే వంతెన అర్జెంటీనా వైపే ఉంది. అక్కడికి చిన్న రైలుంటుంది. అది దిగాక కిలోమీటరు పైచిలుకు నడవాలి, పెద్దాయనకి మోకాళ్ల నొప్పులుంటే పొద్దున్నే వెళ్లండి.

పంటకాలువ:

బ్రెజిల్ మానేశాం అండి. 4457 గురించి చెప్తే ఆఫీసాయన తుపాకీ అద్దెకే తీసుకుంటానన్నాడు. తూటాల బిల్లు సంగతి మాత్రం వాళ్లావిడ ముందు ఎత్తొద్దన్నాడు.