సమస్యాపూరణం: "చచ్చినపుడె పాత్ర జన్మమెత్తె"

నిర్వాహకుడు, నెల్లూరు: ఈ వారం ఇచ్చింది ఆటవెలది పద్యం నాలుగో పాదం, మిగతా మూడూ మీరు అల్లాలి. ఎవరి పూరణ వాళ్ల ఊరి పేరు మీద ఉంటుంది. విషయం టీవీ సీరియల్లో పాత్ర మరణం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే లఘుగురువుల గుంపు). 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరం మీద. సమస్యలో చ–జ మైత్రి కుదిరింది. చచ్చాక పాత్ర పుట్టడమేందన్న ప్రశ్నకు జవాబు మొదటి మూడు పాదాల్లోనే పడాలి. మూడు పాదాలూ ఏడుపు నింపి నాలుగోది అతికిస్తే పూరణ అనిపించుకోదు. సీరియల్లో చావు తేలిపోయేదీ ఇక్కడే: చంపే ఎపిసోడ్‌కి పడ్డ కష్టం అంతకుముందు ఎపిసోడ్లకు పడరు.

కావలి:

తాత కుర్చి చూచి తలవంచి మనుమడు
రెండు కప్పులందు నిండబోసె
కాఫి, యొకటి చల్లగాను మిగిలెనింట
చచ్చినపుడె పాత్ర జన్మమెత్తె

నిర్వాహకుడు: బాగా కుదిరిందన్నా. రెండో పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం: రెండు–నిండ) చక్కగా పడింది. ఒక్క "తలవంచి" తీసెయ్యాలి. కప్పు చెప్పబోయే దుఃఖాన్ని ఆ మాట ముందే చెప్పేసింది. పైగా తలవంచిన వాడికి తాత లేడని గుర్తుంది, గుర్తున్నవాడు రెండో కప్పు పొయ్యడు. "తాత కుర్చి చెంత తలపక మనుమడు" అంటే గణాలూ యతీ నిలుస్తాయి, చెయ్యి అలవాటు కొద్దీ పోసిందని తేలుతుంది. "చల్లగాను"లో "ను" గణం కోసం వచ్చింది, అయినా చెవికి అడ్డం రాలేదు.

తెరమీద ఈ కప్పు పనిచెయ్యాలంటే తాత బతికుండగానే మూడుసార్లన్నా కనపడాలి. మూడుసార్లూ కథ వేరేదాని మీద నడవాలి: పొలం తగాదా, పెళ్లిమాటలు, కరెంటు బిల్లు, ఏదైనా సరే. చనిపోయే వారంలోనే మొదటిసారి చూపిస్తే ఇంట్లో కూర్చున్న అవ్వ కూడా "ఈ ముసలాయన పోతాడు" అనేస్తుంది. సెసమీ స్ట్రీట్ అనే అమెరికా పిల్లల సీరియల్లో హూపర్ అనే కొట్టు ముసలాయన పాత్ర వేసే నటుడు 1982 డిసెంబరులో కన్నుమూస్తే, 1983 నవంబరు 24న పిల్లలకు ఆ మాట దాచకుండా చెప్పారు. అందులో బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి పాత్ర అందరి బొమ్మలూ గీసి పంచుతుంది, హూపర్ బొమ్మ చేతిలో మిగిలిపోతుంది. మీ రెండో కప్పు లాంటిదే అది.

సింగరాయకొండ:

రక్తమంత కారి, రాగాలు తీయగా
మూడు సార్లు ముఖము చూపినారు
ఏడు రోజులట్లె యేడ్పించి చంపగా
చచ్చినపుడె పాత్ర జన్మమెత్తె

అద్దంకి: రెండో పాదంలో యతి తప్పింది, "మూ"కి "చూ"తో మైత్రి లేదు, ప్రాసయతీ కుదరదు. "నారు" తర్వాత "ఏడు" వచ్చింది కాబట్టి విసంధి (కలపాల్సిన చోట సంధి చెయ్యకపోవడం) కూడా. "మూడు సార్లు ముఖము ముందు జూపి / యేడు రోజులట్లె" అని దిద్దితే రెండూ తీరతాయి: క్త్వార్థమైన ("చూపి" లాంటి మాటల చివరి) ఇకారానికి సంధి లేదు, యడాగమం వస్తుంది.

ఇట్ట దిద్దినా అన్వయం మాత్రం రాదు. ఏడ్పించి చంపితే పాత్ర ఎందుకు పుట్టాలి? కారణం ఎక్కడా లేదు. ఒకే ముఖాన్ని మూడుసార్లు దగ్గరగా చూపితే, రెండోసారికే చూసేవాళ్ల ధ్యాస మనిషి మీంచి కెమెరా మీదికి పోతుంది. ఏడు రోజులు సాగదీస్తే మూడోనాటికి "ఇంకా పోలేదా" అని విసుగొస్తుంది. ఆ విసుగు పుట్టాక జాలి పుట్టదు. 1975లో మ్యాష్ అనే అమెరికా సీరియల్లో, యుద్ధకాలపు సైనిక ఆసుపత్రి కథలో, కల్నల్ బ్లేక్ మరణాన్ని అసలు చూపలేదు. ఇంటికి పోతున్నాడని అందరూ వీడ్కోలు చెప్పేశాక, ఆపరేషన్ గదిలోకి గుమస్తా వచ్చి విమానం కూలింది, ఎవరూ మిగల్లేదు అని చదువుతాడు. డాక్టర్లు చేతిలో పని ఆపరు. ఆ చివరి పేజీని నటుల్లో ఎక్కువమందికి ముందుగా ఇవ్వలేదు కూడా. కబురు చెప్పే గొంతు కింద వయొలిన్లు పెట్టొద్దు. గదిలో చప్పుళ్లే వినపడనివ్వండి.

నా పూరణ:

కుంతి యపుడు చెప్పె కొడుకని కర్ణుని
తర్పణంబు విడుచు ధర్మజునకు
నన్న యనుచు దెలిసె, నర్జున బాణాన
చచ్చినపుడె పాత్ర జన్మమెత్తె

కావలి: మాస్టారూ, కుంతి నోరు విప్పింది యుద్ధమయ్యాక గదా. "చచ్చినపుడె" అంటే బాణం తగిలిన క్షణమే అనిపిస్తుంది, కాలం పొసగలేదేమో.

అద్దంకి: నిజమే, అక్కడ బిగువు కొంచెం సడలింది. "చస్తేగానీ" అని తీసుకుంటే నిలుస్తుంది. పెన్న ఒడ్డున తిక్కన తెనిగించిన పర్వాల్లో స్త్రీపర్వమూ ఉంది, అందుకే ఇటు మనసుపోయింది. సీరియల్ వాళ్లకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది: కర్ణుడెవరో చూసేవాళ్లకు మొదటినుంచీ తెలుసు, చంపేవాళ్లకు తెలియదు. చంపినవాడికి ఆ నిజం తెలిసే రోజు కోసం ఎదురుచూడటంలోనే బరువంతా ఉంది. చచ్చినవాణ్ణి మళ్లీ తెస్తే ఆ బరువు పోతుంది. డల్లాస్ అనే అమెరికా సీరియల్లో 1985లో పోయిన బాబీ అనే పాత్ర 1986లో స్నానాలగదిలో బతికి కనపడ్డాడు, మధ్యలో సీజనంతా కల అన్నారు. అతని కోసం మిగతావాళ్లు పడ్డ దుఃఖమంతా దాంతోపాటే కొట్టుకుపోయింది.

ఆత్మకూరు:

చదువు రొట్టె పట్టె జనులందు చెరువులో
వత్సరంబు గడువ వచ్చె కొడుకు
తల్లి పేరు చెప్పి తానిచ్చె రొట్టెను
చచ్చినపుడె పాత్ర జన్మమెత్తె

నిర్వాహకుడు: అక్కా, ఇది మన నేలమీద పుట్టిన పూరణ. బయటివాళ్ల కోసం ఒక మాట: మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో కోరిక పేరుతో రొట్టె పట్టుకుంటారు, తీరితే తర్వాతి ఏడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. అంటే ఆచారంలోనే ఏడాది ఎడం ఉంది. పట్టినామె మధ్యలో పోతే ఇవ్వాల్సిన రొట్టె ఎవరి బాకీ? ఆ ప్రశ్న రచయిత అడక్కుండానే చూసేవాళ్ల మనసులో పడుతుంది. మధ్య ఎపిసోడ్లలో రొట్టె ఊసెత్తొద్దు. కొడుకు కూడా మొదటిసారి ఆ మాట చెరువులో దిగినప్పుడే అనాలి.

"జనులందు" ఒక్కటే పాదపూరణానికి వచ్చింది. "చదువు రొట్టె పట్టె జబ్బులో చెరువున" అని చూడండి. ర గణం, నల గణం సరిపోతాయి, చ–జ యతి అట్టే ఉంటుంది. ఆరోగ్యం రొట్టె పక్కనే ఇస్తున్నా ఆమె చదువు రొట్టెకే చెయ్యి చాచిందని తెలుస్తుంది.

ఆత్మకూరు: ఆ పాదం అట్టే మార్చుకుంటున్నానన్నా.