తేలికపాటి విమానం: ముందు కట్టాలా, ముందు నడపడం నేర్చుకోవాలా?

జడ్చర్ల వెల్డర్:
మాది జడ్చర్ల దగ్గరి పల్లె. ట్రాక్టర్ ట్రాలీలు, రేకుల షెడ్లు కట్టడం నా వృత్తి. పైపు వంచడం, అతకడం బాగా తెలుసు. ఒక్కరు కూర్చునే చిన్న విమానం కట్టుకుని, చేలో బాట చదును చేసి, ముందు నేల మీద పరుగెత్తిస్తూ, తర్వాత అడుగో రెండడుగులో లేపుతూ నేర్చుకుందామని ఉంది. వీడియోల్లో చాలామంది అలాగే చేస్తున్నారు. అమెరికాలో లైసెన్సు కూడా అక్కర్లేదట. మన వైపు అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత ఎన్‌సీసీ, మహబూబ్‌నగర్:
తమ్ముడూ, ఆ మాట నిజమే కానీ దానికి షరతులున్నాయి. అక్కడ ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు ఉండాలి, అంటే 115 కిలోలు. ఒకే సీటు, 5 గ్యాలన్ల ఇంధనం. జనం గుమిగూడిన చోట్ల మీదుగా ఎగరకూడదు. మన దేశంలో ఆ వెసులుబాటే లేదు. రిజిస్టర్ కాని విమానం గాలిలోకి లేవకూడదు, లైసెన్సు లేనివారు నడపకూడదు. ముంబయిలో అమోల్ యాదవ్ గారు మేడ మీద విమానం కట్టారు. ఆయన స్వయంగా పైలట్. అయినా దానికి 2017లో రిజిస్ట్రేషన్ దక్కేలోపు ఏళ్ల తరబడి కాగితాల వెంట తిరగాల్సి వచ్చింది. నువ్వు కట్టగలవా అని నాకు అనుమానం లేదు. ఆ కాగితాల ఓపిక ఉందా అన్నదే ప్రశ్న.

దేవరకొండ మాస్టారు:
చట్టం సరే, ప్రాణం సంగతి చూడండి. 2022 ఫిబ్రవరిలో మా జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని చనిపోయారు. అది సెస్నా 152, ప్రపంచమంతా శిక్షణకు వాడే రకం. వెనుక ఒక శిక్షణ సంస్థ కూడా ఉంది. అంత ఏర్పాటు ఉన్నచోటే అలా జరిగితే, చేలో ఒక్కడే నేర్చుకుంటానన్నవారికి ఏమని చెప్పాలి?

మిర్యాలగూడ మిల్లు:
మాస్టారు గారూ, భయపెట్టి పంపేస్తే ఆయన ఎవరికీ చెప్పకుండా కట్టేస్తారు. అసలు విషయం చెబుదాం.

నేను బెంగళూరు వైపు మైక్రోలైట్, అంటే రెండు సీట్ల తేలిక విమానం, నడపడం నేర్చుకున్నాను. అక్కడి రాజ్‌హంస సంస్థ తయారు చేసిన ఎక్స్-ఎయిర్, గుడ్డ రెక్కలది. అడుగో రెండడుగులో లేపుతానన్నారు చూడండి, అందరికన్నా ప్రమాదంలో ఉండేది అలా చేసేవారే. బరువు తక్కువ కాబట్టి పైకి లేచే వేగంలో పరుగెడుతుండగా ఒక్క విసురు గాలి చాలు, చూస్తుండగానే తాటిచెట్టు ఎత్తుకు చేరతారు. అక్కడ కంగారుపడి థ్రోటిల్ మూసి ఇంజిన్ శక్తి తగ్గించేస్తారు. పెద్ద విమానమైతే ఆ ఊపుతో ఇంకొంత దూరం సాగుతుంది. దీనికి బరువు లేదు, గాలి నిరోధం ఎక్కువ, వేగం క్షణాల్లో పడిపోతుంది. వెంటనే ముక్కు కిందికి వంచాలి. నేల దగ్గరపడుతుంటే మన చేతులు మాత్రం స్టిక్‌ను వెనక్కే లాగి ముక్కు పైకి లేపుతాయి. లాగితే రెక్క స్టాల్ అవుతుంది, అంటే మోసే బలం పోతుంది, విమానం దబ్బున పడుతుంది. ఈ అలవాటును మార్చడానికే పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఒకే సీటు విమానంలో ఆ మనిషికి చోటెక్కడిది?

మా గురువుగారు చెప్పకుండా ఇంజిన్‌ను ఐడిల్‌కు తెచ్చి, "ఎక్కడ దింపుతావు?" అని అడిగేవారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కారులో సాగర్ రోడ్డున పోతున్నా, ఏ చేను బాగుంది, తీగలు ఎటు పోతున్నాయి అనే చూస్తుంటాను. పైనుంచి కరెంటు తీగ కనిపించదు, స్తంభమే కనిపిస్తుంది. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే. దుక్కి చేలో దిగాల్సి వస్తే చాళ్ల వెంబడి దిగాలి, అడ్డంగా దిగితే చక్రం దిగబడి తిరగబడుతుంది. పత్తి ఎదిగిన రోజుల్లో మన జిల్లాల్లో మంచి చేను దొరకడమే కష్టం.

పాత ఎన్‌సీసీ, మహబూబ్‌నగర్:
ఎండ గురించీ చెప్పాలి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు. 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి, విమానానికి మనం దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టే. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్క మోసే బలం తగ్గుతుంది, బాట ఇంకా పొడుగు కావాలి. దానికి తోడు గుట్టల మీదినుంచి లేచే వేడిగాలి తేలిక విమానాన్ని కుదిపేస్తుంది. ఎన్‌సీసీలో నేను సీహెచ్ 701 అనే మైక్రోలైట్ ఎక్కింది ఎప్పుడూ పొద్దున్నే. ఆ రకానికి చాలా తక్కువ బాట చాలంటారు, అయినా ఎండెక్కాక మమ్మల్ని ఎక్కనివ్వలేదు.

నకిరేకల్ మెకానిక్:
రెండు స్ట్రోకుల ఇంజిన్ పెట్టుకోండి అన్నా. తేలిక, చవక, బంకు పెట్రోలులో నూనె కలిపితే చాలు.

మిర్యాలగూడ మిల్లు:
చెప్పినంత తేలిక కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. తేలిక విమానాల్లో పేరున్న రోటాక్స్ 912 ఇంజిన్‌కే తయారీదారు 10 శాతం వరకే ఒప్పుకుంటారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. బైకు ఆగితే రోడ్డు పక్కకు నెట్టుకోవచ్చు. ఇక బోల్టుల మాట: హార్డ్‌వేర్ షాపు బోల్టు ట్రాలీకి సరిపోతుంది. రెక్క స్ట్రట్‌కు, అంటే రెక్కకు ఊతమిచ్చే కడ్డీకి, విమాన ప్రమాణాల బోల్టే ఉండాలి, దానికి ధ్రువపత్రం ఉండాలి. ఇది మీ వృత్తికి దగ్గరి విషయం కాబట్టి మీకే బాగా అర్థమవుతుంది.

జడ్చర్ల వెల్డర్:
అందరికీ ధన్యవాదాలు. ఒకే సీటు ఆలోచన వదిలేస్తున్నాను. వచ్చే వేసవి వరకు పైపు కొనను. ముందు రెండు సీట్ల దాంట్లో నేర్చుకుంటాను. పదో తరగతి పాసయ్యాను, అది చాలా? అద్దాలు పెట్టుకుంటాను, వైద్య పరీక్షలో తీసేస్తారా?

పాత ఎన్‌సీసీ, మహబూబ్‌నగర్:
ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పదో తరగతి చాలు, వయసు 17 నిండాలి. అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే ఇబ్బంది లేదు. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం చిక్కే. శిక్షణకు డబ్బు కట్టకముందే ఊళ్లో కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష చేయించుకో తమ్ముడూ. ఆ ఫలితం ఇక్కడ రాస్తే, తర్వాత శిక్షణకు ఏ ఫ్లయింగ్ క్లబ్బును అడగాలో మాట్లాడుకుందాం.